సిలికాన్ మీద గీతకు పట్టా

1976లో అమెరికాలో జైలాగ్ అనే కొత్త కంపెనీ జెడ్80 మైక్రోప్రాసెసర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. దానికి రూపం ఇచ్చిన జపాన్ ఇంజినీరు మసతోషి షిమా ఒక చిత్రమైన జాగ్రత్త తీసుకున్నారు. చిప్పులో అక్కడక్కడా కొన్ని ట్రాన్సిస్టర్లను మైక్రోస్కోపులో ఒక రకంగా కనబడేటట్టు, కరెంటు పారినప్పుడు మరో రకంగా పనిచేసేటట్టు అమర్చారు. ఎవరైనా ఆ చిప్పును ఫోటో తీసి, ఫోటో చూసి మక్కీకి మక్కీ గీసుకుంటే ఆ నకలు పనిచేయకూడదని ఆయన ఉద్దేశం. ఈ ఉచ్చుల వల్ల ఎన్‌ఈసీ కంపెనీ తన జెడ్80 తరహా చిప్పును తేవడంలో దాదాపు ఆరు నెలలు వెనకబడిందని షిమా తర్వాతి కాలంలో చెప్పారు.

పదేళ్ళ తర్వాత ఇలాంటిదే మరొకటి జరిగింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ తయారుచేసిన వ్యాక్స్ కంప్యూటర్ల చిప్పులను సోవియట్ కూటమి దేశాల్లో విప్పి నకళ్ళు తీస్తున్నారు. అందుకని ఆ కంపెనీ ఇంజినీర్లు తమ సీవ్యాక్స్ చిప్పు మీద, కంటికి కనపడనంత చిన్న అక్షరాలతో, వచ్చీరాని రష్యన్ భాషలో ఒక వాక్యం చెక్కారు. మైక్రోస్కోపు కింద పెట్టి నకలు తీసేవాడు తప్ప ఇంకెవరూ చదవలేని వాక్యం అది. దొంగిలించాలనుకుంటే శ్రేష్ఠమైనదాన్నే దొంగిలించండి అని దాని భావం.

ఇంజినీర్లు ఉచ్చులు పన్నుకోవలసి వచ్చిందంటే, ఆ పనిని కాపాడాల్సిన చట్టం చాలాకాలం లేకపోవడమే కారణం. చట్టం వచ్చిన తర్వాత కూడా అన్ని దేశాలకూ అది చేరడానికి ఏళ్ళు పట్టింది. మన దేశంలో చిప్పు లేఅవుట్‌ను కాపాడే చట్టం 2000లో వచ్చింది. హైదరాబాదులో వేలమంది ఇంజినీర్లు రోజూ చేసే పనికి నేరుగా వర్తించే చట్టం ఇది. అయినా దాని పేరు విన్నవాళ్ళు తక్కువ. విన్నవాళ్ళలో వాడుకున్నవాళ్ళు ఇంకా తక్కువ. ఇది మారాలని నా కోరిక.

ఏమిటీ లేఅవుట్?

చిప్పు అనేది సిలికాన్ పలక మీద పొరలు పొరలుగా కట్టిన నిర్మాణం. ముందు సిలికాన్‌లో ఎంచుకున్న చోట్ల భాస్వరం, బోరాన్ లాంటి మూలకాల పరమాణువులను చొప్పిస్తారు. దాని పైన పాలీసిలికాన్ గీతలు వస్తాయి. ఆ పైన అల్యూమినియం లేదా రాగి తీగలు అంతస్తుల వారీగా పరుచుకుంటాయి. ఒక అంతస్తుకూ మరో అంతస్తుకూ మధ్య కరెంటు పారని పొర ఉంటుంది, పై తీగను కింది తీగతో కలపాలన్న చోట మాత్రం ఆ పొరలో సన్నని రంధ్రం చేసి లోహంతో నింపుతారు. ట్రాన్సిస్టర్ అనేది విడిగా తెచ్చి అతికించే వస్తువు కాదు. మూలకాలు చొప్పించిన పట్టీని పాలీసిలికాన్ గీత అడ్డంగా దాటిన చోటల్లా ఒక ట్రాన్సిస్టర్ పుడుతుంది. అంటే గీత ఎక్కడ పడిందన్నదే అక్కడ ఏముందో నిర్ణయిస్తుంది.

ఒక్కో పొరకు ఒక్కో మాస్క్ ఉంటుంది. గాజులాంటి పలక మీద గీసిన బొమ్మ అది. దాని గుండా కాంతిని పంపి ఆ బొమ్మను సిలికాన్ మీదికి దించుతారు. ఈ బొమ్మలన్నీ కలిపితే వచ్చే త్రిమితీయ అమరికే లేఅవుట్ డిజైన్. 1970ల మొదట్లో దీన్ని చేత్తోనే గీసేవారు. ఎర్రటి ప్లాస్టిక్ పొరను కత్తితో కోసి మాస్క్ బొమ్మలు తయారుచేసేవారు. 1971లో ఇంటెల్ తెచ్చిన 4004 చిప్పులోని దాదాపు 2,300 ట్రాన్సిస్టర్లూ అలా చేతిమీదుగా రూపం తీసుకున్నవే. ఆ చిప్పు అంచున దాని రూపశిల్పి ఫెడెరికో ఫాజిన్ తన పేరులోని రెండు పొడి అక్షరాలు చెక్కుకున్నారు. ఇప్పుడు అదంతా ఒక కంప్యూటర్ ఫైలు. ఆ ఫైలును తయారీ కర్మాగారానికి పంపే ఘట్టాన్ని ఈ రంగంలోవాళ్ళు టేపౌట్ అంటారు. మాగ్నెటిక్ టేపు మీద డిజైను పంపిన రోజులు పోయినా పేరు మిగిలింది.

సర్క్యూట్ బొమ్మ ఒకటే అయినా లేఅవుట్లు ఎన్నో ఉండొచ్చు. నూట యాభై గజాల స్థలంలో అవే మూడు గదులు, అదే వంటిల్లు వేసినా ఒక మేస్త్రి కట్టిన ఇంట్లో గాలీ వెలుతురూ ఆడతాయి, ఇంకొకరు కట్టిన ఇంట్లో పట్టపగలే లైటు వేసుకోవాలి. చిప్పులో తేడా ఇంతకన్నా తీవ్రంగా ఉంటుంది. తీగ పొడవు పెరిగితే సంకేతం ఆలస్యమవుతుంది. రెండు తీగలు మరీ పక్కపక్కన పోతే ఒకదాని సంకేతం మరొకదాంట్లోకి చొరబడుతుంది. వైశాల్యం కాస్త పెరిగినా ఒక వేఫర్ (చిప్పులు కట్టే సిలికాన్ పలక) మీద పట్టే చిప్పుల సంఖ్య తగ్గి, ఒక్కో చిప్పు ఖరీదు పెరుగుతుంది.

అనలాగ్ చిప్పుల్లో ఈ పనితనం ఎంత లోతుకు పోతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. రెండు ట్రాన్సిస్టర్లు అచ్చం ఒకేలా ప్రవర్తించాలని అనుకుందాం. కాగితం మీద అవి కవలలే. సిలికాన్ మీద అలా కుదరదు. చిప్పులో ఒక మూల ఎక్కువ వేడెక్కుతుంది, మరో మూల తక్కువ. పొరల మందం ఒక అంచు నుంచి రెండో అంచుకు లేశమంత మారుతూ పోతుంది. అందుకని లేఅవుట్ ఇంజినీరు ఆ రెండు ట్రాన్సిస్టర్లనూ ముక్కలు చేసి ఏ, బీ, బీ, ఏ వరసలో పరుస్తాడు. అప్పుడు రెండింటి కేంద్రమూ ఒకే బిందువు మీద పడుతుంది, ఎడమ నుంచి కుడికి ఏ మార్పు ఉన్నా రెండూ దాన్ని సమానంగా భరిస్తాయి. దీన్ని కామన్ సెంట్రాయిడ్ పద్ధతి అంటారు. వరస చివర్లలో పనిచేయని డమ్మీ ట్రాన్సిస్టర్లను నిలబెడతారు. అంచున ఉన్నవి తయారీలో కాస్త భిన్నంగా వస్తాయి కాబట్టి ఆ తేడా డమ్మీల మీదికి పోవాలని. పక్క సర్క్యూట్ల రొద రాకుండా చుట్టూ గార్డ్ రింగ్ కడతారు. ఇవేవీ సర్క్యూట్ బొమ్మ నుంచి వాటంతట అవి వచ్చేవి కావు. ఏళ్ళ తరబడి చేయి తిరిగినవాళ్ళ నిర్ణయాలు.

చట్టం కాపాడేది ఈ నిర్ణయాల మొత్తాన్నే.

పేటెంటు చాలదు, కాపీరైటు అందదు

ఇంత పనితనానికి పేటెంటు ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. పేటెంటు రావాలంటే ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, ఆ రంగంలో నిపుణుడికి కూడా సులువుగా తట్టనిదై ఉండాలి. లేఅవుట్‌లో ఉండే సర్క్యూట్లు చాలావరకు దశాబ్దాలుగా అందరికీ తెలిసినవే. వాటిని తక్కువ చోటులో, తక్కువ నష్టంతో, తప్పు దొర్లకుండా ఇమడ్చడంలోనే శ్రమంతా ఉంది. ఆ శ్రమ పేటెంటు పరీక్షలో నిలవదు. మన పేటెంటు చట్టమైతే 3వ సెక్షన్‌లోనే ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల అమరికకు పేటెంటు లేదని స్పష్టంగా చెప్పేసింది.

కాపీరైటు సంగతి వేరు. లేఅవుట్ బొమ్మను బొమ్మగా కాపీరైటు కాపాడొచ్చు. కానీ ఆ బొమ్మను అనుసరించి ఎవరైనా వస్తువు తయారుచేస్తే దాన్ని ఆపే శక్తి దానికి లేదు. చిప్పు ఉపయోగం కోసం చేసిన వస్తువు, కళాఖండం కాదు. 1970ల చివర్లో అమెరికా కంపెనీలకు ఇదే పెద్ద తలనొప్పి అయింది. కొత్త చిప్పు తయారుచేయడానికి ఏళ్ళూ కోట్ల డాలర్లూ పడుతుంటే, దాన్ని పొర పొరగా ఫోటో తీసి నకలు చేయడానికి కొన్ని నెలలు, 50,000 డాలర్ల లోపు ఖర్చు సరిపోతుందని అమెరికా కాంగ్రెస్ నివేదిక నమోదు చేసింది. 1979లో సిలికాన్ వ్యాలీలోని శాన్ హోసేలోనే దీనిపై విచారణ జరిగింది. అప్పుడు పరిశ్రమే రెండుగా చీలింది. నకలును ఆపాలని కొందరు పట్టుబట్టారు. పోటీదారు చిప్పును విప్పి చూసి నేర్చుకోవడం ఈ రంగంలో మామూలేనని, కొత్త చట్టం దాన్ని కూడా నేరం చేసేస్తుందని మరికొందరు భయపడ్డారు.

ఈ భయం న్యాయమైనదని నేను అనుకుంటున్నాను. 1984లో వచ్చిన సెమీకండక్టర్ చిప్ పరిరక్షణ చట్టం దాన్ని పట్టించుకుంది, అదే ఆ చట్టంలోని గొప్పతనం. పేటెంటూ కాపీరైటూ కాని మూడో రకం హక్కును అది సృష్టించింది. పదేళ్ళ గడువు పెట్టింది. మొదటిసారి వాణిజ్యానికి వాడిన రెండేళ్ళలోపు నమోదు చేయకపోతే హక్కు పోతుందన్నది. నేర్చుకోవడానికి చిప్పును విప్పి విశ్లేషించే స్వేచ్ఛను, అలా నేర్చుకున్నదాంతో సొంత లేఅవుట్ గీసుకునే స్వేచ్ఛను చట్టంలోనే రాసి ఇచ్చింది.

విప్పి చూడటం నేరం కాదు, మరి ఎక్కడ నేరమవుతుంది?

చిప్పును విప్పే పని ఎలా ఉంటుందో తెలిస్తే ఈ గీత ఎంత సన్ననిదో అర్థమవుతుంది. ముందు పైనున్న నల్లటి ఎపాక్సీ తొడుగును వేడి నైట్రిక్ ఆమ్లంతో కరిగిస్తారు. లోపలి సిలికాన్ ముక్క బయటపడుతుంది. పై లోహపు పొరను ఫోటో తీస్తారు, దాన్ని ఆమ్లంతోనో ప్లాస్మాతోనో, అరగదీసో తొలగిస్తారు, కింది పొరను ఫోటో తీస్తారు. అలా అట్టడుగు దాకా పోతారు. చిన్న గీతలకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. ఫోటోలన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి అతికి, తీగ తీగనూ వెంబడించి, చివరికి సర్క్యూట్ బొమ్మ రాబడతారు. ఆ బొమ్మ చేతికి వచ్చాక దారి రెండుగా చీలుతుంది. సర్క్యూట్‌ను అర్థం చేసుకుని మన సొంత అమరిక గీసుకోవడం ఒక దారి. ఫోటోలోని అమరికనే ఎత్తి పెట్టుకోవడం రెండో దారి. మొదటిది చట్టబద్ధం, రెండోది ఉల్లంఘన.

ఈ తేడాను కోర్టు తూచిన మొదటి పెద్ద వ్యాజ్యం బ్రూక్‌ట్రీకీ ఏఎండీకీ మధ్య నడిచింది. శాన్ డియాగోలోని బ్రూక్‌ట్రీ కంపెనీ కంప్యూటర్ తెరల మీద రంగులు చూపించే చిప్పులు చేసేది. వాటి గుండెకాయ ఒక చిన్న మెమరీ గడి. పది ట్రాన్సిస్టర్లతో గీసిన ఆ గడి చిప్పులో ఆరు వేలకు పైగా సార్లు పునరావృతమై, చిప్పు వైశాల్యంలో దాదాపు 80 శాతం ఆక్రమించేది. ఏఎండీ వాటికి పోటీ చిప్పులు తెచ్చింది. తాము నకలు తీయలేదని, విశ్లేషించి సొంతంగా గీసుకున్నామని వాదించింది. రుజువుగా కాగితాల కట్ట చూపించింది. రెండున్నరేళ్ళ శ్రమ, లక్షల డాలర్ల ఖర్చు, గీసి పారేసిన ప్రయత్నాలు అన్నీ అందులో ఉన్నాయి.

ఆ కాగితాలే ఎదురు తిరిగాయి. ఏఎండీ ఇంజినీర్లు ముందు ఆరు ట్రాన్సిస్టర్ల గడి కోసం, తర్వాత ఎనిమిది ట్రాన్సిస్టర్ల గడి కోసం చాలాకాలం పాట్లు పడ్డారు. బ్రూక్‌ట్రీ గడిలో ఎనిమిదే ఉన్నాయని వాళ్ళు పొరపడ్డారు. మళ్ళీ చిప్పును పరిశీలించి పది ఉన్నాయని కనిపెట్టిన వెంటనే వాళ్ళ డిజైను చకచకా పది ట్రాన్సిస్టర్లకు, బ్రూక్‌ట్రీ అమరికకు దగ్గరగా మారిపోయింది. కాగితాలు ఎన్ని ఉన్నా, చివరి అడుగు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే జ్యూరీకి ముఖ్యమైంది. పేటెంటు ఉల్లంఘనతో కలిపి దాదాపు రెండున్నర కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని తీర్పు వచ్చింది. చిప్పులో మిగతా భాగం మాది వేరు కదా అన్న వాదనను 1992లో పై కోర్టు ఒప్పుకోలేదు. ఎంత శాతం నకలైతే తప్పు అని లెక్క కట్టలేమని, కీలకమైన భాగాన్ని ఎత్తుకుంటే చాలని చెప్పింది.

2005లో ఆల్టెరా, క్లియర్ లాజిక్ కంపెనీల వ్యాజ్యంలో ఇంకో అడుగు పడింది. ట్రాన్సిస్టర్ల గుంపులను చిప్పులో ఎక్కడెక్కడ ఉంచారన్నది కేవలం ఆలోచన కాదు, అది కూడా కాపాడదగ్గ అమరికే అని కోర్టు తేల్చింది.

1984 నాటి అమెరికా చట్టంలో ఒక మెలిక కూడా ఉంది. మా చిప్పులకు రక్షణ ఇచ్చే దేశాల చిప్పులకే మేమూ ఇస్తామన్నది. దాంతో జపాన్ 1985లోనే సొంత చట్టం చేసుకుంది, ఐరోపా 1986లో ఆదేశం జారీచేసింది. 1989లో వాషింగ్టన్‌లో ప్రపంచ దేశాలు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. దానిపై సంతకం చేసిన కొద్ది దేశాల్లో భారత్ ఒకటి. అందులో రక్షణ గడువు ఎనిమిదేళ్ళే, ప్రభుత్వాలు ఇష్టంలేని యజమాని నుంచి కూడా లైసెన్సు ఇప్పించే వీలుంది. ఈ షరతులు నచ్చని అమెరికా, జపాన్ వ్యతిరేకంగా ఓటు వేశాయి. చిప్పులు తయారుచేసే పెద్ద దేశాలే కాదన్న ఆ ఒప్పందం ఎప్పుడూ అమల్లోకి రాలేదు. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు వచ్చిన ట్రిప్స్ ఒప్పందం దాని నియమాలు చాలావరకు తీసుకుని, గడువును పదేళ్ళకు పెంచి, సభ్య దేశాలన్నిటి మీదా బాధ్యత పెట్టింది.

మన చట్టం ఏమంటుంది

ఆ బాధ్యత కిందే మన పార్లమెంటు 2000లో సెమీకండక్టర్ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్స్ లేఅవుట్ డిజైన్ చట్టం చేసింది. నియమాలు 2001లో వచ్చాయి. దరఖాస్తులు తీసుకునే రిజిస్ట్రీ మాత్రం 2011లో గాని పని మొదలుపెట్టలేదు. ఢిల్లీలో ఉన్న ఆ ఒక్క కార్యాలయమే దేశమంతటికీ.

నమోదు కావాలంటే డిజైను మౌలికమైనదై ఉండాలి. మౌలికం అంటే సృష్టికర్త సొంత మేధోశ్రమ ఫలితం అయ్యుండాలి, గీసే నాటికి ఈ రంగంలోవాళ్ళకు సర్వసాధారణంగా తెలిసినది కాకూడదు. విడి భాగాలన్నీ పాతవే అయినా వాటి కూర్పు మొత్తంగా చూస్తే సొంతదైతే చాలు. కర్మాగారం ఇచ్చిన స్టాండర్డ్ సెల్ లైబ్రరీతో (ముందే గీసిపెట్టిన గడుల సముదాయంతో) చిప్పు కట్టేవాళ్ళకు ఇది ప్రాణప్రదమైన మాట. ఇటుకలు వేరేవాళ్ళవైనా కూర్పు మనదే కాబట్టి. ఇప్పటికే నమోదైన ఇతర డిజైన్ల నుంచి దీన్ని వేరుగా గుర్తుపట్టే వీలూ ఉండాలి.

ఇక వాణిజ్య వాడకం. డిజైను అప్పటికే ఇక్కడో, పరస్పర ఒప్పందం ఉన్న మరో దేశంలోనో వాణిజ్యానికి వాడి ఉంటే నమోదు కుదరదు. అయితే దరఖాస్తు నాటికి ఆ వాడకం మొదలై రెండేళ్ళు దాటకపోతే దాన్ని వాడనట్టే లెక్కిస్తారు. వాణిజ్య వాడకం అంటే అమ్మకం ఒక్కటే కాదు. అద్దెకిచ్చినా, అమ్ముతామని ప్రతిపాదించినా, అమ్మకం కోసం ప్రదర్శనలో పెట్టినా దాని కిందికే వస్తుంది. ఎగ్జిబిషన్ స్టాల్లో చిప్పు పెట్టి ఆర్డర్లు అడిగిన రోజే గడియారం తిరగడం మొదలవుతుందని చిన్న కంపెనీలు గుర్తుంచుకోవాలి.

దరఖాస్తుతో లేఅవుట్ బొమ్మలు, వివరణ, ఇదివరకే వాణిజ్యానికి వాడి ఉంటే ఆ తేదీ ఇవ్వాలి. రిజిస్ట్రార్ పరిశీలించి ఆమోదిస్తే 14 రోజుల్లో ప్రకటన వెలువడాలి. ఆ తర్వాత మూడు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు, ఇంకొక నెల గడువు అడగొచ్చు. అభ్యంతరం వస్తే దరఖాస్తుదారు జవాబివ్వాలి, విచారణ జరుగుతుంది. ఎవరూ అడ్డు చెప్పకపోతే సర్టిఫికెట్ చేతికొస్తుంది. నమోదు గడువు పదేళ్ళు. అయితే ఆ పదేళ్ళు దరఖాస్తు తేదీ నుంచి గాని, ప్రపంచంలో ఎక్కడైనా మొదటిసారి వాణిజ్యానికి వాడిన తేదీ నుంచి గాని, ఏది ముందైతే దాని నుంచి లెక్క. రెండేళ్ళ వెసులుబాటు ఉంది కదా అని చివరి రోజు దాకా ఆగితే చేతికొచ్చేది ఎనిమిదేళ్ళే.

నమోదు లేకపోతే కోర్టుకు వెళ్ళే హక్కే లేదు. కాపీరైటు మాదిరి, రాసిన క్షణం నుంచే దక్కే హక్కు కాదిది. నమోదైన డిజైన్‌ను తెలిసి నకలు చేస్తే మూడేళ్ళ దాకా జైలు, లేదా 50,000 రూపాయల నుంచి పది లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నమోదు కాని డిజైన్‌ను నమోదైనదని చెప్పుకోవడం కూడా శిక్షార్హమే.

చట్టం నిర్దోషులను మరిచిపోలేదు. తెలియక నకలు చిప్పు కొని తన పరికరంలో బిగించినవాడు దోషి కాడు. తెలియజేసిన తర్వాత కూడా వాడుతుంటే యజమానికి రాయల్టీ కట్టాలి. ఇద్దరు ఇంజినీర్లు ఒకరి పని ఒకరు చూడకుండా ఒకేలాంటి లేఅవుట్ గీస్తే రెండో వ్యక్తిది ఉల్లంఘన కాదు. పేటెంటులో ఈ ఊరట ఉండదు. పరిశోధనకూ, బోధనకూ, విశ్లేషణకూ చిప్పును విప్పడం మన చట్టంలోనూ తప్పు కాదు. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో ఈ పని ధైర్యంగా చేయొచ్చు, చేయించాలి కూడా. చిప్పు లోపల ఏముందో కళ్ళతో చూసిన విద్యార్థికి అబ్బే అవగాహన తెర మీది రంగు గీతలు చూస్తే రాదు.

పుస్తకం ఉంది, పేజీలు ఖాళీ

ఇన్ని ఉన్నా రిజిస్ట్రీ పుస్తకంలో నమోదులు బహు తక్కువ. చైనాలో 2001 నాటి ఇలాంటి నియమాల కింద ఏటా వేల దరఖాస్తులు వస్తున్నాయి. మనకు ఎందుకు రావు? ఒక కారణం సాంకేతికం. 1984 నాటి చిప్పును ఫోటో తీసి నకలు చేయడం చవక. ఇవాళ్టి ఫోను ప్రాసెసర్‌లో వందల నుంచి వేల కోట్ల ట్రాన్సిస్టర్లు ఉంటాయి. దాని మాస్కులు చేయించడానికే కోట్ల డాలర్లు కావాలి. పైగా ఒక కర్మాగారం పద్ధతికి గీసిన లేఅవుట్ మరో కర్మాగారానికి సరిపోదు. అంత దూరం వెళ్ళగలవాడికి నకలు తీయాల్సిన పని ఉండదు.

రెండో కారణం మనదే. హైదరాబాదులో ఏఎండీ, క్వాల్‌కామ్, మైక్రాన్, ఇంటెల్ లాంటి సంస్థల కేంద్రాల్లో తెలుగు ఇంజినీర్లు ఏళ్ళుగా లేఅవుట్లు గీస్తున్నారు. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల బోర్డుల మీద ఫిజికల్ డిజైన్ (లేఅవుట్ పనే) అన్న మాట కనిపిస్తుంది. కానీ గీసినది మాతృసంస్థ సొత్తు, హక్కుల సంగతి ఎక్కడో వేరే దేశంలో వాళ్ళ న్యాయవాదులు చూసుకుంటారు. గీసేవాళ్ళు ఇక్కడ ఉన్నా, హక్కు కోసం దరఖాస్తు పెట్టాల్సిన యజమాని ఇక్కడ ఉండడు.

ఇప్పుడా పరిస్థితి మారుతోంది. కేంద్ర ప్రభుత్వ చిప్స్ టు స్టార్టప్ పథకం కింద దేశంలోని కాలేజీల విద్యార్థులు గీసిన చిప్పులు మొహాలీలోని సెమీకండక్టర్ లేబొరేటరీలో తయారవుతున్నాయి. అక్కడ ఉన్నది 180 నానోమీటర్ల సాంకేతికత. ఉపగ్రహాలను మోసుకెళ్ళే రాకెట్ల కోసం చేసిన విక్రమ్ ప్రాసెసర్ తయారైంది కూడా అక్కడే. ఈ చట్టం ఇంకా పదునుగా పనిచేసేది సరిగ్గా ఇలాంటి చోటే. విద్యుత్ మీటర్లలో, బ్యాటరీ చార్జర్లలో, సెన్సార్లలో వాడే అనలాగ్ చిప్పులు పెద్ద గీతలతో, పాత పద్ధతుల్లోనే తయారవుతాయి. వాటిని ఫోటో తీసి నకలు చేయడం ఇప్పటికీ సాధ్యమే. వాటి విలువంతా చేయి తిరిగిన లేఅవుట్‌లోనే ఉంది. ఇలాంటి చిప్పు చేసిన చిన్న కంపెనీకి పేటెంటు రాకపోవచ్చు. లేఅవుట్ నమోదు రావొచ్చు, దాని ఖర్చూ తక్కువే.

కాలేజీల విషయంలో ఒక మేలు ఉంది. పరిశోధన పత్రంలో చిప్పు ఫోటో అచ్చయితే పేటెంటు అవకాశం దెబ్బతినొచ్చు. లేఅవుట్ నమోదుకు చట్టం అడిగేది వాణిజ్య వాడకం గురించే, సర్వసాధారణంగా తెలుసా లేదా అన్నది కూడా గీసిన నాటి మాటే. పత్రం అచ్చువేసిన తర్వాత కూడా దారి మూసుకుపోదు. అయితే చిప్పు విద్యార్థిదా, గైడుదా, కాలేజీదా అన్నది టేపౌట్‌కు ముందే కాగితం మీద పెట్టుకోవాలి. తర్వాత తేల్చుకోవడం కష్టం.

మరో ప్రశ్న ముందుకొస్తోంది. డిజిటల్ చిప్పుల్లో గడులను ఎక్కడ ఉంచాలో, తీగలను ఎలా నడపాలో సాఫ్ట్‌వేరే తేల్చడం ఎప్పటి నుంచో ఉంది. 2021లో గూగుల్ పరిశోధకులు చిప్పులో ఏ బ్లాకు ఎక్కడ ఉండాలన్న ప్లానును కృత్రిమ మేధతో వేయడం గురించి నేచర్ పత్రికలో రాశారు, దాని ఫలితాలపై తర్వాత గట్టి వాదోపవాదాలు నడిచాయి. సృష్టికర్త సొంత మేధోశ్రమ అన్న మాట ఇక్కడ ఎలా నిలుస్తుంది? నా ఉద్దేశంలో బటన్ నొక్కితే వచ్చినదానికి హక్కు అడగడం న్యాయం కాదు. కానీ ఏ బ్లాకు ఎక్కడ ఉండాలో, ఏ తీగకు ఎంత గడువో, ఏ మూల చేత్తో సరిచేయాలో ఇంజినీరు నిర్ణయించి ఉంటే ఆ నిర్ణయాలు శ్రమే. అవి ఉన్నాయని చూపించడానికి డిజైను పత్రాలు తేదీలతో సహా దాచుకోవడమే ఇప్పటికి ఉన్న మార్గం. బ్రూక్‌ట్రీ వ్యాజ్యంలో కాగితాలు ఎంత దూరం మాట్లాడతాయో చూశాం కదా.

చిప్పు చేసిన ఏ చిన్న బృందమైనా ముందు చూసుకోవాల్సింది మొదటి వాణిజ్య తేదీ. పైలట్ ఆర్డరు, శాంపిళ్ళకు వేసిన బిల్లు, ఎగ్జిబిషన్‌లో పంచిన ధరల పట్టీ, వీటిలో ఏది ముందో దాని నకలు దరఖాస్తు ఫైల్లో అన్నిటికన్నా పైన ఉండాలి. దరఖాస్తు అంతకు ముందే పెట్టి ఉండకపోతే, రెండేళ్ళ వెసులుబాటుకూ, పదేళ్ళ గడువుకూ లెక్క మొదలయ్యేది ఆ తేదీ నుంచే.